పొట్ట చూడత్తా: అండమాన్‌లో ఏడు రోజులు

మొదటి రోజు

చెన్నైలో చీకటుండగా ఎక్కిన విమానం రెండు గంటలు దాటాక కిందికి వంగింది. కిటికీలోంచి ముందు నీలం, తర్వాత పచ్చ, ఆ తర్వాత రేకుల కప్పులు కనిపించాయి. 2024 సెప్టెంబరు నుంచి ఈ ఊరు కాగితాల మీద శ్రీ విజయపురం. ఆటోవాళ్ళకీ మా అన్నయ్యకీ మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే. నేనూ అలాగే రాస్తాను.

అన్నయ్యంటే మా పెద్దమ్మ కొడుకు. టెక్కలి దగ్గర మా ఊరు వదిలి ముప్ఫై ఏళ్ళ కిందట ఇక్కడికొచ్చాడు. చిన్నాచితకా కాంట్రాక్టులు చేసి, జంగ్లీఘాట్‌కి కాస్త పైన మిట్ట మీద ఇల్లు కట్టుకున్నాడు. మనవాళ్ళు ఇక్కడ తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తమ మాతృభాష తెలుగని రాయించుకున్నారు. చేపల మార్కెట్ పక్క నుంచి వస్తుంటే అచ్చం మా పలాస బజారు గొడవే వినిపించింది.

నేనొచ్చింది చుట్టపుచూపుగా మాత్రమే కాదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పుకుంటూ సెలవుల్లో పిట్టలు చూసుకునే మనిషిని. తన ఉమ్మితోనే గూడు కట్టుకునే పక్షి మన దేశంలో ఈ దీవుల్లోనే ఉంది. ఎడిబుల్-నెస్ట్ స్విఫ్ట్‌లెట్ అంటారు. ఆ గూటిని చైనావాళ్ళు సూపు కాచుకుంటారు. తెలుగులో దానికి పేరు వినలేదు కాబట్టి నా నోట్‌బుక్కులో నేనే 'ఉమ్మిగూటి పిట్ట' అని పెట్టుకున్నాను.

ఇంటి ముందు ఆటో దిగానో లేదో, కార్ షెడ్డు కింది నుంచి అరచేతిలో సగం లేని నల్ల పిట్టలు గిరగిరా తిరుగుతూ బయటికొచ్చాయి. గుండె ఆగినంత పనైంది. సామాను ఆటోలోనే వదిలేసి నోట్‌బుక్కు తీసి రాశాను: 'ఎడిబుల్-నెస్ట్ స్విఫ్ట్‌లెట్, 12.'

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. నా భుజం మీంచి తొంగి చూసి, "అది సూపు పిట్ట కాదత్తా. పొట్ట చూడు," అన్నాడు.

పదిహేనేళ్ళుగా పిల్లలకి పాఠం చెప్తున్నదాన్ని, ఇంటర్ కుర్రాడు చెప్తే వెంటనే ఒప్పుకోవాలనిపిస్తుందా? ఒప్పుకోలేదు. రాసింది కొట్టెయ్యలేదు కూడా.

సాయంత్రం ఐదున్నర కాకుండానే సూర్యుడు దిగిపోయాడు. మన గడియారమే, సూర్యుడు మాత్రం వాళ్ళకి ముందు. ఆ కాస్త వెలుగులో షెడ్డు కింద కుర్చీ వేసుకుని తల వెనక్కి వాల్చి చూశాను. ఒకటి వంపు తిరిగినప్పుడు గొంతు, రొమ్ము మసి రంగులో, కింద పొట్ట తెల్లగా మెరిసింది. ఇంకోటీ అంతే. పన్నెండూ అంతే.

వదిన టీ తెచ్చి, "ఏటి, వచ్చిన కాడ్నించీ ఆ స్లాబుకేసే చూస్తన్నావు? అవి రెట్టలేసే దయ్యాలు. నా స్కూటర్ సీటు చూడు," అంది.

రెండో రోజు

పొద్దున ఐదుంపావుకల్లా లేచి, మేనల్లుడితో చాథం జెట్టీకి వెళ్ళి, ఫెర్రీలో బాంబూ ఫ్లాట్ దాటి మౌంట్ హారియట్ ఎక్కాం. 2021లో దీనికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు మీద కొబ్బరిచెట్ల మధ్య కనిపించే సముద్రం ఇక్కణ్ణుంచి కనిపించేదే అని అందరూ ఫొటోలు తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం. కానీ కొండెక్కింది అందుకు కాదు.

స్విఫ్ట్‌లెట్‌ని గుర్తుపట్టడంలో ఉన్న తంటా ఏమిటంటే అది వాలదు. కొమ్మ మీదా వాలదు, తీగ మీదా వాలదు. దాని కాళ్ళు గోడకి వేళ్ళాడడానికే పనికొస్తాయి గానీ కూర్చోడానికి పనికిరావు. ఎగురుతూనే తింటుంది, ఎగురుతూనే నీటి మీద ముక్కు ఆనించి తాగుతుంది. ఇక మనం కింద నిలబడి పైకి చూస్తే, వెనక తెల్లటి ఆకాశం. ఆ వెలుతురుకి తెల్ల పొట్టా నల్ల పొట్టా అన్నీ మసిబొగ్గే. అందుకే కొండెక్కమన్నాడు మా వాడు. పక్షి మనకంటే కింద, అడవి పచ్చదనం మీదుగా పోతుంటే దాని వీపు కనిపిస్తుంది. వంపు తిరిగితే పొట్టా కనిపిస్తుంది.

మా ఊళ్ళో మా అమ్మమ్మ ఇలా గాల్లో తిరిగేవాటన్నిటినీ వానకోయిలలనే అనేది. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు కుటుంబాలున్నాయి. కరెంటు తీగ మీద వరసగా కూర్చుంటే అది స్వాలో. మన పిచ్చుకకి చుట్టం. ఎంతసేపు చూసినా వాలకపోతే స్విఫ్ట్ జాతి. దానికి దగ్గరి చుట్టం హమ్మింగ్ బర్డ్ అంటే మా క్లాసులో ఎవరూ నమ్మరు. రెండూ ఒకేలా ఎందుకున్నాయంటే, గాల్లో పురుగులు పట్టే పనికి ఆ ఆకారమే అచ్చొచ్చింది. పనే పోలిక తెచ్చింది, పుట్టుక కాదు.

ఎనిమిదింటికి ఒక పెద్ద పిట్ట మా తలల పక్క నుంచే సుయ్యిమని దూసుకుపోయింది. మిక్సీ జార్ మూత ఊడితే వచ్చే చప్పుడులాంటిది. అది బ్రౌన్-బ్యాక్డ్ నీడిల్‌టెయిల్. దాన్ని ఎవరూ దేనితోనూ పొరబడరు. ఆ తర్వాత వచ్చినవే నాక్కావలసినవి.

ముందు చిన్నవి. మన షెడ్డులోవే. చెట్ల నెత్తిన, దారి మీదుగా, గబ్బిలంలాగా రెక్కలు టపటపా కొట్టుకుంటూ, మధ్యమధ్య చిన్న జారుడు. ఎండ వీపు మీద పడినప్పుడు నీలమా పచ్చా అని తేల్చుకోలేని మెరుపు, నెమలి మెడ మీది రంగు బాగా మసిబారినట్టు. పొడుగు పది సెంటీమీటర్లు మించదు. కాసేపటికి వాటికంటే కాస్త ఎత్తున ఇంకో రెండు వచ్చాయి. వీటి రెక్కలు పొడుగు, జారుడు ఎక్కువ, తొందర తక్కువ. వీపు మీద మెరుపు లేదు. పొట్ట మట్టి కలిసిన బూడిద రంగు, తెలుపన్నది ఎక్కడా లేదు.

"ఇదత్తా సూపు పిట్ట," అన్నాడు మా వాడు. వాడికెలా తెలుసంటే, కాలేజీవాళ్ళు ఓసారి క్యాంపుకి తీసుకెళ్ళి చూపించారట. ముందే చెప్పొచ్చు కదా!

కొండ దిగేటప్పుడు పాత నోట్‌బుక్కులోని ఒక ముక్క గుర్తొచ్చింది. ఈ కొండకున్న హారియట్ అనే పేరు 1862 నుంచి 1864 దాకా ఇక్కడి ఖైదీల వలసకి సూపరింటెండెంటుగా చేసిన రాబర్ట్ టైట్లర్ భార్యది. టైట్లర్‌కి పక్షుల పిచ్చి. ఆ చిన్న తెల్ల పొట్ట పిట్టకి శాస్త్రీయంగా కొల్లోకాలియా అఫినిస్ అని పేరుపెట్టి 1867లో ప్రకటించింది బీవన్ అనే ఇంకో సైనికాధికారి. వర్ణించిన నమూనా పోర్ట్ బ్లెయిర్‌ది. అంటే మా వదిన స్కూటర్ మీద రెట్టలేసే పిట్టకి ప్రపంచ శాస్త్రంలో రాసి ఉన్న చిరునామా ఈ ఊరే.

ఆ తర్వాత దాని పేరు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. చాలాకాలం దాన్ని పసిఫిక్ దీవుల దాకా పరుచుకున్న గ్లాసీ స్విఫ్ట్‌లెట్ అనే పెద్ద గంపలో వేశారు. కొందరు వైట్-బెల్లీడ్ స్విఫ్ట్‌లెట్ అన్నారు. 2017లో జన్యువులూ, ఆకారమూ కలిపి చూసి ఆ గంపని విడగొట్టి ఎనిమిది ముక్కలు చేశారు. అండమాన్‌ది ప్లూమ్-టోడ్ స్విఫ్ట్‌లెట్ అయింది. కాలివేలి మీద ఈక ఉన్నదని ఆ పేరు. నా దగ్గరున్న పుస్తకం అంతకుముందుది. అందులో గ్లాసీయే. ఒకే పిట్టకి మూడు పేర్లు, మూడూ నోట్‌బుక్కులో రాసుకోవాలి, లేకపోతే పదేళ్ళ తర్వాత నేనే మూడు పిట్టలు చూశాననుకుంటాను.

కాలివేలి మీద ఈక! ఎగురుతూ ఉండే పిట్ట కాలివేలు ఎవరు చూస్తారండీ? ఆ పేరుపెట్టినవాళ్ళు మ్యూజియం సొరుగులో చూసి పెట్టుంటారని మా వాడితో నవ్వాను.

మూడో రోజు

డిగ్లీపూర్ దాకా మూడొందల కిలోమీటర్ల పైమాటే. జిర్కాటాంగ్ దగ్గర బళ్ళన్నీ కలిపి పంపే ఆరింటి కాన్వాయ్‌లో వెళ్ళాలని మాట్లాడుకున్న కారు, ఐదింటికి రావలసింది ఆరున్నరకొచ్చింది. డ్రైవర్ నోట సారీ లేదు, టైరు కథ మాత్రం ఉంది. తొమ్మిదింటి కాన్వాయ్‌లో పడ్డాం.

జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దారి జరావా గిరిజనుల రిజర్వు గుండా పోతుంది. ఆగకూడదు, అద్దం దించకూడదు, కెమెరా ముట్టుకోకూడదు. ఈ దారి అసలు వెయ్యకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం. కానీ అదే దారి మీద కూర్చుని ఆ మాట అనడం ఎలా ఉంటుందో నాకూ తెలుసు. బైనాక్యులర్స్ సంచిలో పెట్టేసి కళ్ళు మూసుకున్నాను.

జలసంధి దగ్గర బస్సులూ కార్లూ మనుషులూ అందరూ ఒకే పంటు మీద ఎక్కాం. నీళ్ళ మీద, మడచెట్ల అంచున చిన్నవి తెగ తిరుగుతున్నాయి. ముప్ఫైదాకా లెక్కపెట్టాను. పొట్టలన్నీ తెల్లవే. బారాటాంగ్ దాటాక రెండో జలసంధి మీద ఇప్పుడు వంతెన ఉంది. ఆ తర్వాత కదంతల, రంగత్, మాయాబందర్. వరి కోసిన మళ్ళు, పోక తోటలు, గుంతలు, టీ, గుంతలు. డిగ్లీపూర్ చేరేసరికి రాత్రి పది. అన్నం అయిపోయిందన్నారు. బిస్కెట్లు తిని పడుకున్నాం.

నాలుగో రోజు

రామ్‌నగర్ ఒడ్డు దగ్గరి కొండలో గుహలున్నాయి. చాలీస్ ఏక్ అని పేరు. హిందీలో ఓ నలభై దాకా అని. అటవీశాఖ ఆఫీసులో అనుమతి కాగితం తీసుకుని, వాళ్ళిచ్చిన కాపలా మనిషి వెంట నడిచాం. పేరు రాయను. యాభై దాటినవాడు, పీలగా ఉన్నాడు. తోటకూర కాడ లాంటి ఆ మనిషి రాళ్ళ మీద మాకంటే రెండింతల వేగంతో పోయాడు.

గుహ నోటి దగ్గర తేమ, రెట్టల వాసన. పశువుల పాకలో వానాకాలం వచ్చే వాసనకి అమ్మోనియా ఘాటు కలిపినట్టుంది. నోటికి దగ్గర్లో, ఇంకా వెలుతురు ఉన్నచోట, గోడకి చిన్న చిన్న దొప్పలు అంటించి ఉన్నాయి. నాచు, సన్న వేళ్ళు, సరుగుడు ఆకులు, అన్నిటినీ ఉమ్మితో అతికించి కట్టినవి. మా షెడ్డు పిట్టవే. కాపలా మనిషి వాటికేసి చూడనైనా చూడలేదు. "ఇవి ఊళ్ళో అందరి ఇళ్ళల్లోనూ ఉంటాయి. ఇంకా లోపలికి," అన్నాడు హిందీలో.

పది అడుగులు పోయాక వెలుతురు చచ్చిపోయింది. టార్చి ఆర్పమన్నాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత దువ్వెన పళ్ళ మీద గోటితో గీసినట్టు కిర్ర్, కిర్ర్ మని చప్పుడు. దూరం నుంచి నెమ్మదిగా, దగ్గరికొస్తున్నకొద్దీ గబగబా, చెవి పక్కన గాలి తగిలి, మళ్ళీ నెమ్మదిగా దూరం. నా ముఖానికి జానెడు దూరంలో ఒక పక్షి చీకట్లో నన్ను తప్పించుకుని వెళ్ళింది.

గబ్బిలాల కూత మన చెవికి అందదు, దీనిది అందుతుంది. క్షణానికి ఎన్నోసార్లు టకటకమని కొట్టి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి గోడెక్కడో, గూడెక్కడో తెలుసుకుంటుంది. వెలుతుర్లో ఈ చప్పుడు చెయ్యదు. పగలంతా బయట మామూలుగా కిచకిచమంటుంది, చీకట్లోకి వచ్చాకే మీట నొక్కినట్టు మొదలుపెడుతుంది. 1970ల మొదట్లో స్విఫ్ట్‌లెట్లను వేర్వేరు ప్రజాతులుగా విడదీసినప్పుడు ఈ చప్పుడే పెద్ద గీటురాయి అయింది. కొట్టేవి ఏరోడ్రామస్, కొట్టనివి కొల్లోకాలియా. బాగుంది, పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకి సరిగ్గా సరిపోయే విభజన. ఆ తర్వాత ఫిలిప్పీన్స్ దీవుల్లో ఉండే పిగ్మీ స్విఫ్ట్‌లెట్, కొల్లోకాలియా గుంపుదే, తనూ చీకట్లో చప్పుడు చేస్తుందని 2004లో తేలింది. ఒక మార్కు పోయింది.

కానీ మన చిన్న పిట్టకి ఆ విద్య రాలేదు. అందుకే అది గుహ నోటి దగ్గరే ఆగింది. కళ్ళు పనిచేసేంత వెలుతురు కావాలి దానికి. గుహ నోరైతేనేం, వంతెన కిందైతేనేం, అన్నయ్య కార్ షెడ్డయితేనేం! మొదటి రోజు నేను అడగాల్సిన ప్రశ్న పిట్ట ఏ రంగు అని కాదు, ఎంత చీకట్లో గూడు కట్టింది అని. షెడ్డులో ట్యూబ్‌లైటుంది.

మూడు సెకన్లు మాత్రం టార్చి వేసి చూపించాడు. గోడ మీద అరచేతి మధ్య గుంటంత తెల్లటి అర్ధచంద్రాలు. ఎండిన మీగడ తరకలు పేర్చినట్టు పోగులు పోగులుగా ఉన్నాయి. ఆకు లేదు, నాచు లేదు. అంతా ఉమ్మే. ఇలాంటి గూడొకటి కట్టడానికి ఆ జంటకి నెల పైనే పడుతుంది. ఏరోడ్రామస్‌లలో కొన్ని జాతుల్ని గాల్లో చూసి విడదీయడం నిపుణుల వల్ల కూడా కాదు, గూడు చూసే చెప్పాలి. పక్షి పేరు పక్షి మీద కాదు, గోడ మీద రాసి ఉంటుందన్నమాట.

బయటికొచ్చి బండ మీద కూర్చున్నాక, అతను తన కథ చెప్పాడు. కుర్రతనంలో తనూ గూళ్ళు గోకేవాడే. గూడు లేపేస్తే పిట్ట మళ్ళీ కడుతుంది. మళ్ళీ లేపేస్తారు. మూడోసారి కట్టేసరికి ఉమ్మి చాలక గూడు పల్చబడుతుంది. గుడ్లుంటే? "పారేసేవాళ్ళం," అన్నాడు. నేలకేసి చూస్తూ అన్నాడు. మనం ఆగితే పక్కవాడు లేపేస్తాడు కాబట్టి ఎవరూ ఆగేవాళ్ళు కాదట. కిలో తూగాలంటే వంద పైచిలుకు గూళ్ళు కావాలి. కిలో లక్షల్లో పలుకుతుంది. అతని చేతికి వచ్చింది మాత్రం అందులో ఏ మూలకో.

1990లలో రవి శంకరన్ అనే పక్షి శాస్త్రవేత్త అండమాన్, నికోబార్ దీవుల్లో వందల గుహలు ఎక్కి దిగి గూళ్ళు లెక్కపెట్టాడు. పదేళ్ళ వ్యవధిలో ఈ పక్షి ఎనభై శాతం దాకా తగ్గిందని తేల్చాడు. కోయంబత్తూరులోని సలీం అలీ కేంద్రం, ఇక్కడి అటవీశాఖ కలిసి ఆ తర్వాత చేసిన పని నాకు భలే నచ్చింది. గూళ్ళు గోకేవాళ్ళనే జీతమిచ్చి గుహలకి కాపలా పెట్టారు. దొంగ చేతికి తాళాలివ్వడమే, కాకపోతే దారులన్నీ తెలిసింది అతనికే కదా. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూడు తీసుకుంటే పిట్టకి నష్టం లేదు, మనిషికి కూడు ఉంటుంది. అదీ శంకరన్ వాదన. వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ ఒకటిలో చేర్చిన ఈ పక్షిని, ఆ రకం సేకరణకి వీలుగా 2009లో అందులోంచి తీశారు. అదే ఏడాది జనవరిలో ఆయన పోయారు. నలభై ఐదేళ్ళు.

రక్షించాల్సిన జంతువుని అమ్మకానికి పెట్టడమేమిటని నాకు ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది. ఆ మాటే అతనితో అన్నాను. "చట్టం అన్నప్పుడూ గూళ్ళు పోయాయి. మేం ఇక్కడ పడుకున్నాక పోలేదు," అన్నాడు. అతనితో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు.

చీకటి పడుతుంటే మళ్ళీ గుహ నోటికి వెళ్ళాం. లోపల్నుంచి గబ్బిలాలు బయటికి, బయట్నుంచి స్విఫ్ట్‌లెట్లు లోపలికి. షిఫ్టు మారే టైములో ఫ్యాక్టరీ గేటులా ఉంది. ఒక్కటీ ఒక్కదానికి తగల్లేదు.

ఐదో రోజు

తిరుగు ప్రయాణం. ఉదయం నుంచి వాన. ఫిబ్రవరిలో ఈ వానేంటని డ్రైవరే విసుక్కున్నాడు. నోట్‌బుక్కులో ఈ రోజు కింద ఉన్నది ఒక్కటే ముక్క: 'రంగత్‌లో దోసె బాగుంది.'

ఆరో రోజు

ఎక్కడికీ వెళ్ళలేదు. స్టూలు వేసుకుని షెడ్డు స్లాబు కింద గూళ్ళు లెక్కపెట్టాను. తొమ్మిది. ఒకదానిలో సరుగుడు ఆకులు ఎక్కువ, ఇంకోదానిలో వదిన చీర పోగు, ఊదా రంగుది, వేలాడుతోంది. మా ఊరి ఒడ్డున సరుగుడు తోటల్లో చిన్నప్పుడు ఆ సన్నటి ఆకుల కణుపులు విడదీసి ఎక్కడ విరిగిందో చెప్పమని పందెం ఆడేవాళ్ళం. అవే ఆకులు ఇక్కడ తడితో అంటించి, ఆరబెట్టి, ఒక దొప్ప. మా వాడు ఫోను కర్రకి కట్టి పైకెత్తి ఫొటో తీస్తే లోపల రెండు తెల్ల గుడ్లు కనిపించాయి.

"నిరుడు చీపురుతో దులిపేశాను. మళ్ళీ కట్టేశాయి," అంది వదిన. "ఎన్నిసార్లు కడగాల ఆ బండి?"

అప్పుడు చెప్పాను ఆవిడకి, గుహలో పిట్టకీ ఈ షెడ్డు పిట్టకీ ఉన్న బంధం. జావాలో పందొమ్మిదో శతాబ్దం చివర్నుంచే ఇళ్ళల్లో ఉమ్మిగూటి పిట్టల్ని పెంచుతున్నారు. అక్కడివాళ్ళు ఒక కిటుకు కనిపెట్టారు. ఈ చిన్న తెల్ల పొట్ట పిట్టకి దగ్గరి చుట్టమైన అక్కడి పిట్ట గూట్లోని గుడ్లు తీసి, ఉమ్మిగూటి పిట్ట గుడ్లు పెడతారు. ఇది తన పిల్లలే అనుకుని పొదిగి, పెంచి, ఎగరేస్తుంది. ఆ పిల్లలు పెరిగాక పుట్టిన ఇంటినే వెతుక్కుంటూ వస్తాయని ఆశ. అండమాన్‌లో కూడా శంకరన్ బృందం మధ్య అండమాన్‌లోని ఒక ఇంట్లో ఇదే ప్రయత్నం చేసింది.

వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే దీని గుడ్లు?" అంది.

తీసేస్తారు, అన్నాను. అంతవరకూ ఆ సంగతి నాకు తట్టనేలేదు. పుస్తకాల్లో 'పెంపుడు తల్లి' అని చదివి మురిసిపోయాను తప్ప, ఆ తల్లి గుడ్లేమయ్యాయని అడగలేదు. డిగ్రీ దాకా చదివింది నేను, అడిగింది ఆవిడ.

రాత్రి ఎనిమిదింటికి హాల్లో ట్యూబ్‌లైటు చుట్టూ ఏదో కొట్టుకుంది. గబ్బిలం అని అన్నయ్య చీపురు అందుకున్నాడు. అది ఫ్యానుకి తగలకుండా తప్పించుకుని, గోడకి కొట్టుకుని నేల మీద పడింది. స్విఫ్ట్‌లెట్! చదునైన నేల మీంచి అది అంత తేలిగ్గా లేవలేదు. రెక్కలు పొడుగు, కాళ్ళు పొట్టి. టైల్స్ మీద రెక్కలు చాపి, తెడ్డు వేసినట్టు పాకుతోంది.

మా వాడు లైటు ఆర్పి, నెమ్మదిగా రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఫోను టార్చి దూరంగా పెట్టి నేను వంగాను. బరువన్నది లేదు, మహా అయితే రెండు రూపాయి బిళ్ళలంత. నోరు చిన్నగా కనిపిస్తుంది గానీ తెరిస్తే చీలిక కళ్ళ కింది దాకా పోయింది. పురుగులు పట్టే వల అదే. కంటి ముందు కనుబొమలా పొట్టి ఈకలు. వీపు మీది ఈకలు ఒక వైపు నుంచి చూస్తే నల్లగా, కాస్త వంచితే సీతాకోకచిలక పొడి రాసినట్టు నీలిపచ్చగా. పొట్ట తెలుపు, రొమ్ము దగ్గర మసి తెలుపులోకి చారలు చారలుగా కరిగిపోయింది.

"కాలు," అన్నాను.

మా వాడి చూపుడువేలికి అది గట్టిగా పట్టుకుంది. గోళ్ళు గుండుసూది మొనల్లా దిగాయి. వెనక్కి ఉన్న బొటనవేలి మీద, వేలు మొదలయ్యే చోట, బియ్యపుగింజలో సగం లేని ఒక ఈక కుచ్చు. నల్లది. ఊదితే కదిలింది. రెండో కాలికీ ఉంది. ఆ కుచ్చు దేనికో నాకు తెలియదు. మ్యూజియం సొరుగు అని మొన్న నవ్విన నోరు మూసుకుని చూస్తూ ఉండిపోయాను. అదంతా కలిపి అర నిమిషం కూడా లేదు. ఇంకా పట్టుకుంటే దానికి టెన్షన్ ఎక్కువైపోతుంది.

రాత్రి వదిలితే మళ్ళీ లైటుకే వస్తుందని, చెప్పుల అట్టపెట్టెకి కన్నాలు పెట్టి, లోపల గోడకి పాత తువ్వాలు అంటించి అందులో పెట్టాం. తువ్వాలు పట్టుకుని నిలువుగా వేళ్ళాడుతూ నిద్రపోయింది. పెట్టె వదిన దేవుడి గది పక్కన పెట్టింది, పిల్లి రాకుండా.

ఏడో రోజు

ఐదున్నరకి పెట్టె షెడ్డులోకి తీసుకెళ్ళి మూత తీశాం. కదల్లేదు. మా వాడు అరచేతి మీద పెట్టుకుని చెయ్యి పైకెత్తాడు. కాసేపు వణికింది. తర్వాత చేతి అంచు నుంచి కిందికి పడిపోయినట్టే జారి, నేలకి మూరెడు ఎత్తులో రెక్క పట్టుకుని, గేటు దాటి, కొబ్బరిచెట్టు మీదుగా మిగతా గుంపులో కలిసిపోయింది. ఇక దాన్ని విడిగా గుర్తుపట్టే దారి లేదు.

బయల్దేరేటప్పటికి స్కూటర్ షెడ్డులో లేదు. మామిడిచెట్టు కింద, పైన చిరిగిన టార్పాలిన్‌తో ఉంది. "వానొస్తే తడవదా?" అన్నాడు అన్నయ్య. "పెయింటు వేసిన బండే కదా. తుడుచుకుంటే పోద్ది," అంది వదిన. నాకేసి చూడలేదు.

విమానాశ్రయం దారిలో నోట్‌బుక్కు తీసి మొదటి పేజీలో 'ఎడిబుల్-నెస్ట్, 12' కొట్టేసి, 'ప్లూమ్-టోడ్' అని రాశాను. మేనల్లుడు వంగి చూసి ఏమీ అనలేదు, కానీ వాడి ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. కారు దిగి ట్రాలీ కోసం నిలబడితే, చాలా ఎత్తులో, ఎండ కళ్ళల్లో పొడుస్తుంటే మూడు నల్ల చుక్కలు వంపులు తిరుగుతున్నాయి. పొట్ట చూద్దామని బైనాక్యులర్స్ ఎత్తాను. బొగ్గు ముక్కలు. మా వాణ్ణి అడిగాను. వాడూ తలూపాడు, తెలియదన్నట్టు. రాశాను: 'స్విఫ్ట్‌లెట్, ఏదో తెలియదు, 3.'